మూత్రనాళాల ఆపరేషన్ అయిన పిల్లల మూత్రాశయాన్ని ఇంటి దగ్గర చూసుకోవడం ఎలా?

విశాఖలో చిన్నపిల్లల శస్త్రచికిత్స వార్డులో నర్సుగా పనిచేస్తున్న నాకు, పిల్లలు డిశ్చార్జ్ అయి ఇంటికి వెళ్ళిన మరునాటి నుంచే తల్లుల ఫోన్లు మొదలవుతాయి. గాజువాక నుంచి చేసినా, అనకాపల్లి నుంచి చేసినా, పాడేరు ఘాటు పైనుంచి చేసినా ప్రశ్న ఇంచుమించు ఒక్కటే: "సిస్టరమ్మా, బాబుకి ఒంటేలు ఎర్రగా వస్తోంది, ఆపరేషన్ పాడైపోయిందేమో!" అప్పుడు నేను ముందుగా అడిగేది రంగు గురించి కాదు, గడచిన నాలుగు గంటల్లో ఎంత మూత్రం వచ్చిందని. దానికి జవాబు చెప్పగలిగేవారు చాలా తక్కువ. ప్రతిసారీ ఫోనులో హడావుడిగా చెప్పేదాన్ని ఈసారి తీరికగా రాస్తున్నాను.

మూత్రం పైకి ఎగదన్నకుండా మూత్రనాళాన్ని మూత్రాశయంలో తిరిగి అమర్చిన పిల్లలకు, మూత్రపిండం దగ్గరి ఇరుకును సరిచేసి లోపల స్టెంట్ (దారి మూసుకుపోకుండా ఉంచే సన్నని గొట్టం) పెట్టిన పిల్లలకు, మూత్రమార్గంలో పుట్టుకతో ఉన్న కవాటాలను (మూత్రానికి అడ్డుపడే పొరలను) తొలగించిన మగపిల్లలకు ఈ పద్ధతి పనికివస్తుంది. పేగు ముక్కతో మూత్రాశయాన్ని పెద్దది చేసిన పిల్లల సంగతి వేరు కనుక దాన్ని చివరలో విడిగా రాశాను. మీ సర్జన్ రాసిచ్చిన కాగితంలో ఇందుకు భిన్నంగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

లోపల జరిగేది క్లుప్తంగా ఇది. మూత్రాశయం లోపలి గోడకు పలుచని పొర ఒకటి ఉంటుంది. కత్తెర తగిలిన చోట ఆ పొర వాచి, ఎర్రబడి, చిన్న ఒరిపిడికే రక్తం చిమ్ముతుంది. మూత్రం బయటికి రావడానికి పెట్టిన పైపు (కాథెటర్) కొన, అది జారకుండా లోపల ఉంచే బుడగ, స్టెంట్ చివర ఆ వాపును రాసుకుంటూనే ఉంటాయి. ఒరుసుకున్నప్పుడల్లా కింది కండరం ముడుచుకుపోతుంది. పిల్లలు ఉన్నట్టుండి మెలికలు తిరగడానికి కారణం అదే. ఈ పొర త్వరగా మళ్ళీ అల్లుకునే స్వభావం గలది. అందుచేత మొదటి ఒకటి రెండు వారాల్లో కనిపించే రక్తం, మంట, మెలికనొప్పి చాలావరకు మానే క్రమంలో వచ్చేవే. మూత్రం ఆగిపోవడం, జ్వరం రావడం మాత్రం ఆ క్రమంలోవి కావు.

కావలసినవి

మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ కొలపాత్ర (దాన్ని మూత్రానికే కేటాయించండి), పెన్ను కట్టిన నోటుపుస్తకం, డిజిటల్ థర్మామీటరు, మందు కొలిచే సిరంజి, చర్మానికి పడే ప్లాస్టరు, సబ్బు, డిశ్చార్జ్ కాగితాలు, వార్డు ఫోన్ నంబరు. పసిపిల్లలైతే రెండు సైజుల డైపర్లు కూడా కావాలి. వీటిలో నోటుపుస్తకం కొనడానికే అందరూ బద్ధకిస్తారు. నాకు ఎక్కువగా పనికొచ్చేది మాత్రం అదే.

1. ఆసుపత్రి నుంచి కదలకముందే ఈ వివరాలు రాయించుకోండి

జరిగిన ఆపరేషన్ పేరు, బిడ్డ ఒంట్లో ఉన్న పైపులు ఎన్ని, అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒక్కొక్కటి ఏ తేదీన తీస్తారు, ఏ మందు ఎప్పుడు ఆపాలి అన్నవి కాగితం మీద ఉండాలి. వెన్నెముక లోపంతో పుట్టిన పిల్లలకు, ఇదివరకే పలుమార్లు ఆపరేషన్లు అయిన పిల్లలకు రబ్బరు పడకపోయే అవకాశం ఎక్కువ. వాళ్ళకు సిలికాన్ పైపే వాడాలని కూడా రాయించండి.

బయటికి కనిపించే పైపును ఎవరూ మరచిపోరు. లోపల ఉండే డీజే స్టెంట్‌తోనే ప్రమాదం. దాన్ని సాధారణంగా 4 నుంచి 6 వారాలలో తీస్తారు. బిడ్డ హాయిగా ఆడుకుంటున్నాడు కదా అని, పంట పనులున్నాయని, ఈ నెల కాకపోతే వచ్చే నెల అని వాయిదా వేస్తే దాని చుట్టూ లవణాలు పేరుకుని రాయి కడుతుంది. ఆ తరువాత చిన్న గొట్టంతో తీయవలసినదానికి మరో పెద్ద ఆపరేషన్ కావలసివస్తుంది. ఒక ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో స్టెంట్ మాటే లేకపోవడం వల్ల, ఏడాది తరువాత కడుపునొప్పితో వచ్చిన ఒక పాప స్కానులో ఆ రాయిని నేను చూశాను. తల్లిదండ్రుల తప్పు అందులో ఏమీ లేదు. కాబట్టి "లోపల స్టెంట్ ఉందా?" అని మీరే నోరు తెరిచి అడగండి, తేదీని ఇంట్లో క్యాలెండరు మీద సున్నా చుట్టి ఉంచండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయినవారు స్టెంట్ తీయించడానికి ఏయే కాగితాలు తేవాలో ఆ పథకం కౌంటరులో అప్పుడే తెలుసుకుంటే, రెండోసారి వచ్చినప్పుడు కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రిలో వరుసల మధ్య తిరగవలసిన పని తగ్గుతుంది.

2. పైపును, బ్యాగును సరిగా అమర్చండి

పైపును తొడకు గాని పొట్టకు గాని ప్లాస్టరుతో అంటించి, కాలు చాపినా లాగనంత వదులు ఉంచండి. ఆ వదులు లేకపోతే బిడ్డ కాలు కదిపిన ప్రతిసారీ లోపలి బుడగ మూత్రాశయం మెడను లాగుతుంది; అర్ధరాత్రి మెలికనొప్పులలో చాలావాటికి మూలం ఇదే. బ్యాగు ఎప్పుడూ బిడ్డ నడుము కంటే కిందికే వేలాడాలి, అయితే నేలను తాకకూడదు. ఆటోలో ఎక్కించేటప్పుడు బ్యాగును బిడ్డ ఒడిలో పెట్టడం మన దగ్గర మామూలుగా జరిగే పొరపాటు: బ్యాగులో నిలవ ఉన్న మూత్రం అప్పుడు తిరిగి లోపలికి పోతుంది. మూడింట రెండు వంతులు నిండగానే, చేతులు కడుక్కుని, కింది మూత నుంచి ఖాళీ చేయండి. పైపుకు, బ్యాగుకు మధ్య ఉన్న అతుకును ఊడదీయవద్దు.

పసిపిల్లలకు బ్యాగు లేకుండా పైపును డైపరులోకే వదిలితే, లోపల చిన్న డైపరు వేసి, దానికి రంధ్రం చేసి, పైపు కొనను పైనున్న పెద్ద డైపరులోకి తీయాలి. మలం లోపలి డైపరులో ఆగిపోతుంది, పైపుకు అంటదు.

3. ప్రతి నాలుగు గంటలకూ కొలిచి రాయండి

బిడ్డ బరువు కిలోకు గంటకు కనీసం 1 మి.లీ. మూత్రం రావాలి, ఏడాది లోపు పసివాళ్ళకు 2 మి.లీ. వరకు వస్తుంది. 14 కిలోల బిడ్డకైతే నాలుగు గంటలకు 56 మి.లీ. అన్నమాట. గోడ మీద ఈ అంకె ఒక్కటి రాసిపెట్టుకుంటే చాలు. పుస్తకంలో గంట, మూత్రం ఎంత, పైపు గొట్టంలో రంగు, జ్వరం ఎంత, ఎన్నిసార్లు మెలికనొప్పి వచ్చింది, విరేచనం అయిందా అని ఒక్కొక్క గడి చొప్పున రాయండి. రెండు పైపులుంటే రెంటినీ కలపవద్దు, వేర్వేరుగా రాయండి. డైపరులోకి పోతున్నట్టయితే పొడి డైపరును ముందు తూచి, తడిసిన తరువాత మళ్ళీ తూచండి. పెరిగిన ఒక్కో గ్రామును ఒక్కో మి.లీ. కింద లెక్కించవచ్చు.

కవాటాలు తొలగించిన మగపిల్లలలో కొందరికి మొదటి రోజులలో దీనికి విరుద్ధంగా లెక్కకు మించిన మూత్రం వస్తుంది. అంతకాలం అడ్డుపడి నిలిచినది ఒక్కసారిగా విడుదల కావడంతో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు. అలాంటి బిడ్డ నాలుక ఎండిపోయి, కళ్ళు గుంటలుపడి, మగతగా ఉంటే "మూత్రం బాగానే వస్తోంది" అని ఊరుకోవద్దు. అదే రోజు తీసుకురండి.

4. రంగును బ్యాగులో కాదు, గొట్టంలో చూడండి

రెండు చుక్కల రక్తం బ్యాగులోని మూత్రమంతటినీ ఎర్రగా మారుస్తుంది, పైగా పొద్దుటి రక్తం సాయంత్రం దాకా అందులోనే ఉంటుంది. అప్పుడే దిగుతున్న మూత్రం ఎలా ఉందో గొట్టంలోనే తెలుస్తుంది. పలుచని గులాబీ షర్బత్ రంగులో ఉంటే భయపడవలసిన పని లేదు. నీళ్ళు సరిపడా పట్టించి, పడుకోబెడితే తేలికపడుతుంది. రెండు రోజులు తేటగా వచ్చి, బిడ్డ లేచి పరుగులు పెట్టిన సాయంత్రం మళ్ళీ గులాబీ రంగు కనిపించడం కూడా మామూలే. టమాటా చారులా చిక్కగా, అవతలి వేలు కనిపించనంతగా ఉంటే, లేదా గడ్డలు దిగుతుంటే, ఆలస్యం చేయకుండా ఫోన్ చేయండి.

రంగులు మోసమూ చేస్తాయి. బీట్‌రూట్ తిన్నా, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ మందు వేసుకుంటున్నా మూత్రం ఎర్రగా, నారింజ రంగుగా వస్తుంది; మూత్రపు ఇన్‌ఫెక్షన్‌కు ఇచ్చే నైట్రోఫ్యూరంటాయిన్ వేస్తే గోధుమ రంగుకు తిరుగుతుంది. మందుల చీటీ, నిన్నటి కూర గుర్తుచేసుకున్న తరువాతే కంగారుపడండి.

5. ధార ఆగిపోతే ఈ వరుసలో చూడండి

పైపు ఎక్కడైనా మెలికపడిందా, బిడ్డ దాని మీద పడుకున్నాడా, ప్లాస్టరు మరీ బిగిసిందా, బ్యాగు పైకి లేచిందా అని బిడ్డ ఒంటి నుంచి బ్యాగు వరకు వేలితో తడుముతూ రండి. తరువాత బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఎందుకంటే పైపు రంధ్రం వాచిన గోడకు అతుక్కుపోతే ఒక్కోసారి పక్కకు తిప్పగానే విడిపోతుంది. తాగడానికి నీళ్ళివ్వండి. గొట్టంలో సన్నని గడ్డ కనిపిస్తుంటే, దాన్ని లోపలికి కాకుండా బ్యాగు వైపు జారేలా గొట్టాన్ని వేళ్ళతో మెల్లగా నొక్కుతూ రండి.

అరగంటలో చుక్క కూడా రాకపోతే, బొడ్డుకు దిగువ పొట్ట గట్టిగా ఉబ్బి తాకగానే బిడ్డ ఏడుస్తుంటే, ఇక ఇంట్లో చేయవలసింది ఏమీ లేదు; బయలుదేరండి. సిరంజితో సెలైన్ ఎక్కించి కడగడం ఆసుపత్రిలో మీ చేత చేయించి నేర్పితే తప్ప చేయవద్దు. కొత్తగా కుట్లు వేసిన మూత్రాశయంలోకి బలంగా నెట్టితే కుట్లు విడిపోవచ్చు. వేడిచేసి చల్లార్చిన నీళ్ళతోనో, ఫిల్టరు నీళ్ళతోనో కడిగామని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. అది చేయకూడని పని.

పైపు చుట్టూ మూత్రం కారి పక్క తడుస్తుంటే పైపు మూసుకుపోయిందనే అర్థం కాదు. మెలికనొప్పి వచ్చినప్పుడు కండరం మూత్రాన్ని పక్కనుంచి తోసేస్తుంది. గొట్టంలో కూడా ధార ఉందో లేదో చూస్తే తేడా తెలిసిపోతుంది. పైపు జారి బయటికి వచ్చేస్తే తిరిగి పెట్టడానికి ప్రయత్నించవద్దు, దాన్ని పారేయకుండా కవరులో వేసి వెంట తీసుకురండి.

6. మెలికనొప్పిని గుర్తుపట్టండి, మందును సరిగా కొలవండి

గాయం నొప్పి నిలకడగా ఉంటుంది, కదిపితే పెరుగుతుంది. మెలికనొప్పి అలా కాదు: ఆడుకుంటున్న బిడ్డ ఒక్కసారిగా కాళ్ళు కడుపులోకి ముడిచి, కింద చేయి అదిమి, కెవ్వున ఏడుస్తాడు, కొద్ది నిమిషాల తరువాత ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటాడు. నొప్పి వచ్చినప్పుడు మొదట పైపు లాగుతోందేమో చూడండి, తరువాత విరేచనం అయి ఎన్నాళ్ళయిందో పుస్తకంలో చూడండి. మలం గట్టిపడి మూత్రాశయం మీద ఒత్తుతుంటే ఏ మందూ సరిగా పనిచేయదు. జామ, బొప్పాయి, ఆకుకూర పప్పు, అవసరమైతే డాక్టరు రాసిన లాక్టులోజ్ (మలాన్ని మెత్తబరిచే మందు) ఇవ్వండి.

పారాసెటమాల్ మోతాదు కిలోకు 15 మి.గ్రా., ఆరేసి గంటల ఎడంతో, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. తప్పులు ఎక్కువగా జరిగేది సీసా దగ్గర. 14 కిలోల బిడ్డకు 210 మి.గ్రా. కావాలి. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే సిరప్ అయితే అది 8.75 మి.లీ.; 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 4.2 మి.లీ. మాత్రమే. మొదటి సీసా అయిపోయి, మందుల షాపువాళ్ళు రెండో రకం ఇస్తే, అలవాటు ప్రకారం అదే 8.75 మి.లీ. పోస్తారు, మోతాదు రెట్టింపు దాటిపోతుంది. సీసా మారిన ప్రతిసారీ అట్ట మీది అంకె చదవండి, స్పూనుతో కాకుండా సిరంజితో కొలవండి. ఐబుప్రోఫెన్ మాత్రం డాక్టరును అడగకుండా ఇవ్వవద్దు, మూత్రపిండాలు ఇప్పటికే దెబ్బతిన్న పిల్లలకు అది హాని చేస్తుంది.

మెలికనొప్పికి ఆక్సిబ్యుటినిన్ రాస్తే మన విశాఖ వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకోవాలి. ఆ మందు నోరు ఎండేలా చేస్తుంది, ముఖం ఎర్రబడుతుంది, మలబద్ధకం తెస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా చెమట పట్టనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు ఉక్కలో చెమట పట్టని బిడ్డ ఒళ్ళు కాలిపోతుంది. తల్లులు దాన్ని ఇన్‌ఫెక్షన్ జ్వరమనుకుని పరుగెత్తుకొస్తారు. ఈ మందు వాడుతున్నంతకాలం బిడ్డను ఎండలో తిప్పవద్దు, రేకుల ఇంట్లో మధ్యాహ్నం పడుకోబెట్టవద్దు, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ ఉండండి. అయినా గంటలో వేడి తగ్గకపోతే జ్వరంగానే భావించండి. పైపు తీయడానికి ముందు ఈ మందును ఎప్పుడు ఆపాలో కూడా అడగండి. కండరం మందు ప్రభావంలోనే ఉంటే పైపు తీసిన తరువాత మూత్రం రావడం కష్టమవుతుంది.

7. నీళ్ళు, బార్లీ, కొబ్బరిబోండాం

మొదటి 10 కిలోలకు కిలోకు 100 మి.లీ., ఆపై 10 కిలోలకు కిలోకు 50 మి.లీ. అన్నది రోజువారీ లెక్క. 14 కిలోల బిడ్డకు 1200 మి.లీ. అవుతుంది. పాలు, మజ్జిగ, చారు అన్నీ ఇందులోకే వస్తాయి. పూటకు ఒకేసారి పట్టించకుండా రోజంతా కొంచెం కొంచెంగా ఇవ్వండి. బార్లీ నీళ్ళు మంచివే, అయితే వాటిలో మేలు చేసేది నీళ్ళే, బార్లీలో ప్రత్యేకమైన మందు లేదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. రక్తపరీక్షలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే అంకె) ఎక్కువగా ఉన్న పిల్లలకు, ముఖ్యంగా కవాటాల ఆపరేషన్ అయినవారికి, బీచ్ రోడ్డులో ఎంత లేత బోండాం దొరికినా డాక్టరు సరేనన్న తరువాతే తాగించండి. అలాంటి పిల్లలకు నీళ్ళ లెక్క కూడా డాక్టరు చెప్పినదే.

8. జ్వరం వస్తే ముందు మూత్రం పట్టండి, తరువాతే యాంటీబయాటిక్

100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆపైన ఉంటే అది జ్వరం. పైపు గాని స్టెంట్ గాని ఉన్న బిడ్డకు జ్వరం వస్తే మూడు రోజులు ఆగి చూద్దామనుకోవద్దు, అదే రోజు చూపించాలి. వీధి చివరి దుకాణంలో యాంటీబయాటిక్ కొని ఒక మోతాదు వేసి వస్తే, కల్చర్ పరీక్షలో (మూత్రంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) క్రిమి పెరగదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు.

నమూనా పట్టడంలో తప్పులు చాలా జరుగుతాయి. పైపు ఉన్న బిడ్డకు బ్యాగులో నిలిచిన మూత్రం పనికిరాదు. నర్సు పైపు దగ్గరి ప్రత్యేక ద్వారం నుంచి తీయాలి. పైపు లేని పెద్దపిల్లలకు సబ్బునీళ్ళతో కడిగి, మొదటి ధార వదిలేసి, మధ్య ధారను శుభ్రమైన డబ్బాలో పట్టండి. పసిపిల్లలకు అంటించే ప్లాస్టిక్ సంచిలో పట్టిన మూత్రంలో చర్మం మీది క్రిములు కలుస్తాయి కాబట్టి దాని కల్చర్‌ను నమ్మలేం. పట్టిన నమూనా గంటలోపు ల్యాబు చేరాలి. మధ్యాహ్నం గాజువాక నుంచి జగదాంబ దాకా బండి డిక్కీలో వేడెక్కుతూ వచ్చిన డబ్బాలో, బిడ్డ ఒంట్లో ఉన్నవాటికంటే ఎక్కువ క్రిములు పెరిగి ఉంటాయి. ఆలస్యమయ్యేటట్టుంటే ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో కాకుండా కింది అరలో, ఉంచి, మంచుముక్కల మధ్య తీసుకురండి. ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఇక్కడే మరో మాట. పైపు కొన్నాళ్ళున్న చాలామంది పిల్లల మూత్రంలో క్రిములు కనిపిస్తాయి. జ్వరం లేదు, నొప్పి లేదు, బిడ్డ మామూలుగా తింటున్నాడు అన్నప్పుడు రిపోర్టులోని అంకె చూసి మందు కోసం పట్టుబట్టవద్దు.

9. పైపు తీసిన తరువాత

మొదటి రెండు మూడు సార్లు మంట పుడుతుంది, చివర్లో రక్తపు చుక్క పడవచ్చు. మంటకు భయపడి బిడ్డ బిగబడతాడు, బిగబట్టినకొద్దీ మూత్రాశయం సాగి నొప్పి పెరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళు కింద పోస్తూ వదలమనండి, చాలామంది పిల్లలకు అది పనిచేస్తుంది. ఆరు గంటలైనా రాకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ఆ తరువాతి వారాలలో మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకొకసారి, వచ్చినా రాకపోయినా, పంపండి. బడికి వెళ్ళే వయసైతే టీచరుకు ఒక చీటీ రాసివ్వండి. ఒకసారి పోసిన తరువాత రెండు నిమిషాలాగి మళ్ళీ ప్రయత్నించమనండి. నయమవుతోందో లేదో చూడటానికి వారానికి ఒక రోజు ప్రతిసారీ కొలిచి రాయండి. వయసుకు ఒకటి కలిపి 30తో గుణిస్తే ఆ వయసు మూత్రాశయం పట్టే పరిమాణం మి.లీ.లలో వస్తుంది, అయిదేళ్ళ బిడ్డకు 180. ఎక్కువసార్లు 30, 40 మి.లీ. మాత్రమే పోస్తుంటే లోపలి పొర ఇంకా రేగి ఉందనో, ఇన్‌ఫెక్షన్ ఉందనో అనుమానించి ఆ పుస్తకంతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

10. పేగుతో మూత్రాశయాన్ని పెద్దది చేసిన పిల్లలు

పేగు ముక్కకు జిగురు ఊరడం సహజం కాబట్టి మూత్రంలో తెల్లని జిగురు తీగలు కనిపించడం జబ్బు కాదు. కడగకుండా వదిలేస్తే ఆ జిగురే పైపును మూస్తుంది, నిలవ ఉంటే రాళ్ళకు విత్తనమవుతుంది. నేర్పిన పద్ధతిలో, చెప్పిన పరిమాణంలో, స్టెరైల్ సెలైన్‌తో రోజూ కడగండి. లోపలికి వెళ్ళినంత బయటికి వచ్చిందో లేదో ప్రతిసారీ కొలవండి.

ఈ పిల్లలకు పైపు వేసి ఖాళీ చేసే సమయం తప్పితే, నిండిన మూత్రాశయం అతుకు దగ్గర చిల్లుపడే ప్రమాదం ఏళ్ళు గడిచినా ఉంటుంది. కడుపు ఉబ్బడం, వాంతులు, జ్వరం, భుజం నొప్పి కలిసి వస్తే గ్యాసు మందు వేయకుండా అత్యవసర విభాగానికి తీసుకురండి, పేగుతో మూత్రాశయం పెద్దది చేశారన్న మాట తలుపు దగ్గరే చెప్పండి. వెన్నెముక లోపం ఉన్న బిడ్డకు కడుపునొప్పి తెలియకపోవచ్చు. ఉబ్బు, వాంతి, నీరసం మాత్రమే కనిపిస్తాయి.

వెంటనే బయలుదేరవలసిన సందర్భాలు

ధార అరగంట ఆగి పొట్ట ఉబ్బినప్పుడు, చిక్కని రక్తం గడ్డలతో వస్తున్నప్పుడు, చలితో జ్వరం వచ్చినప్పుడు, బిడ్డ మగతగా ఉన్నప్పుడు, ఎనిమిది గంటలలో కూడా లెక్క ప్రకారం రావలసిన మూత్రం రానప్పుడు 108కి ఫోన్ చేయండి. పాడేరు, అరకు వైపు వాళ్ళు మధ్యాహ్నం అనుమానం వస్తే రాత్రి దాకా ఆగకుండా వెలుతురు ఉండగానే ఘాటు దిగండి. వచ్చేటప్పుడు నోటుపుస్తకం, డిశ్చార్జ్ కాగితాలు, వాడుతున్న సిరప్ సీసాలు, జారి వచ్చిన పైపు ఉంటే అదీ ఒకే సంచిలో పెట్టుకుని రండి. బ్యాగులోని మూత్రాన్ని మాత్రం పారబోయకుండా అలాగే ఉంచి తెండి, మేము చూడాలి.